రాచపుండు రాకను చెప్పు లెక్కలు
(మహాసభయందలి స్త్రీల సమావేశమున చేసిన యుపన్యాసము)



మన యిండ్లలో గొంతు తగ్గించి చెప్పుకొను నొక విషయమును నేడు గొంతెత్తి చెప్పవచ్చితిని. అది స్త్రీల స్తనములందు పుట్టు రాచపుండు. ఇప్పుడందఱును దానిని క్యాన్సరనుచున్నారు.

ఈ వ్యాధి యెవరికి రాగలదో ముందుగా గణింపవచ్చునా యని యోచించి, అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థకు చెందిన మిచెల్ గెయిల్ పండితుడును ఆయన సహచరులును 1989లో నొక గణిత పద్ధతిని ప్రకటించిరి. స్త్రీ వయస్సు, రజస్వలయైన వయస్సు, తొలికాన్పునాటి వయస్సు, స్తనమునుండి ముక్కదీసి పరీక్షించిన పర్యాయములు, తల్లికిగాని అక్కచెల్లెండ్రకుగాని కూతుండ్రకుగాని యీ వ్యాధి వచ్చెనా యనునది, ఇవియే దాని ముఖ్యాంగములు. వీనినిబట్టి రాబోవు 5 ఏండ్లలో వ్యాధి వచ్చుటకు నూటికెంత యవకాశమో తేలును.

లెక్క కట్టుట యొకటి, అది నిజమగునో కాదో చూచుట మఱియొకటి. అమెరికాలో నర్సుల ఆరోగ్యమును గూర్చి జరిగిన పరిశోధనయందలి 82,109 మంది శ్వేతజాతి స్త్రీల వివరములతో దీనిని సరిచూచి 2001లో ఫలితములు ప్రకటించిరి. నిజముగా వ్యాధి వచ్చినవారు 100 మందియైన, లెక్క చెప్పినది 94 మందిని. సమూహమునకు లెక్క చాలవఱకు సరిపోయినది. పిమ్మట వ్యాధి వచ్చిన స్త్రీని, రాని స్త్రీని జతగా నిలిపి, వచ్చినామెకే లెక్క హెచ్చుపాలు చూపెనా యని పరీక్షించిరి. 100 జతలలో సుమారు 58 జతలకే యట్లు చూపినది. కన్నులు మూసికొని చెప్పినను 50 సరిపోవును గదా! పంచాంగము చెప్పిన వాన నిజమైనను, ఏ చేను తడియునో అందు తెలియదు. ఇదియు నట్టిదే.

శ్వేతజాతి స్త్రీల వివరములపై కట్టిన లెక్క యిది. అమెరికాలోని నల్లజాతి స్త్రీలకై 2007లోను, ఆసియా సంతతి స్త్రీలకై 2011లోను వేఱు లెక్కలు కట్టవలసివచ్చెను. అట్లుండగా గుంటూరు, వరంగల్లు ఆడపడుచులకు, మనవారి వివరములతో సరిచూడకయే, యిది యతుకునని నమ్మరాదు.

మఱియు నీ లెక్కలో మేనత్తకును నాయనమ్మకును చోటు లేదు. తండ్రివైపునుండియు నీ వ్యాధిగుణము సంక్రమింపగలదు. ఇంగ్లండునందు 2004లో వెలువడిన టైరర్-క్యూజిక్ పద్ధతి వారినిగూడ లెక్కించును.

కాని యే పద్ధతియైనను మనము చెప్పు మాటపైననే యాధారపడును. మన యిండ్లలో జరుగుచున్నదేమి? తల్లికి రాచపుండని తెలిసిన కూతునకు సంబంధము రాదని దాచుచున్నాము. వైద్యుడడిగినపుడు ఆ కూతురు “మా యింట నెవరికిని లేద”నును. ఆమె అబద్ధమాడుట లేదు, ఎఱుగదు. ఆ యెఱుగమికి కారకులము మనమే.

కావున నా విన్నపములు మూడు. ప్రతి కుటుంబమును ఇరువైపుల స్త్రీలలో నీ వ్యాధి యెవరికి ఏ వయస్సున వచ్చెనో వ్రాసియుంచి ఆడుబిడ్డలకు తెలుపవలెను. సంబంధములు చూచు పెద్దలు దీనిని దోషముగా నెన్నరాదు. లెక్క తక్కువ చూపినను, వంశమున నెవరికి లేకున్నను, గడ్డ కనబడిన వెంటనే వైద్యుని జూడవలెను. ఈ వ్యాధి వచ్చినవారిలో పెక్కండ్రకు వంశమున నట్టి చరిత్రయే లేదు.

పోషకమహాశయులు విద్యార్థి వసతిగృహములకు చేయు సాయములో కొంత స్త్రీల వైద్యపరీక్షలకును కేటాయింతురుగాక!