చెరువు పడవ – తడి ఇసుక ధార

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో కూర్చుండి పడవలను గురించి ప్రసంగించడం కొందరు శ్రోతలకు వింతగా తోచవచ్చును. సముద్రం ఇక్కడికి దూరం. ఏడాది పొడుగునా పారే నది లేదు. కాని చెరువులకు మాత్రం కొదువ లేదు. చెరువు నిండితే చేపలు. చేపలున్న చోట వల వేసేవానికి పుట్టియో, చిన్న పడవయో ఉండి తీరవలెను. హంద్రీ–నీవా పథకం రెండవ దశలో పుంగనూరు, కుప్పం ఉపకాలువలు త్రవ్వి కృష్ణ నీటిని ఈ మెట్టసీమకు మళ్ళించిన తరువాత, గట్టుమీద బోర్లించి మరచిపోయిన పాత పడవలను తిరగవేసి చూచుకొనే అవసరం కొందరికి కలిగింది.

అట్టి పడవ నొకదానిని పుంగనూరు దాపున చూచాను. ఇనుపరేకుతో చేసినది, అడుగు చదునుగా ఉండి, ఇద్దరు మనుష్యులూ ఒక వలా పట్టేటంత మాత్రపు పడవ. పైన నీలిరంగు పొరలు పొరలుగా లేచింది. దాని క్రింద ఆకుపచ్చ. అంతకు క్రింద సిందూరపు రంగు. అన్నిటికీ అడుగున తుప్పు. దానిని బాగుచేయడానికి పూనుకొన్నప్పుడు నేర్చుకొన్న సంగతులే ఈనాటి నా ప్రసంగ విషయం.

తుప్పు తీయడానికి ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతి సుత్తీ, ఉక్కుబ్రష్షూ, గరుకు కాగితమూ. చేతులు నొచ్చేదాకా రుద్దితే రేకు మెరుస్తుంది. అయితే ఆ మెరుపును నమ్మరాదు. తుప్పు ఇనుమును సమానంగా తినదు. చిన్న చిన్న గుంటలు చేసుకొని లోపలికి దిగుతుంది. బ్రష్షు ఆ గుంటల అంచులకు మెరుగు పెడుతుందే కాని అడుగుకు చేరదు. పైన ఎంత మంచి రంగు వేసినా, ఒక్క వానకాలం గడిచేసరికి అదే చోట మళ్ళీ పొక్కుతుంది. గుంట అడుగుదాకా పోగలిగినది ఇసుకరేణువు. వేగంగా వచ్చి తగిలే రేణువు తుప్పును పెకలించడమే గాక, ఇనుముపై సన్నని గరుకుదనాన్ని మిగులుస్తుంది. రంగు పట్టు చిక్కించుకొనేది ఆ గరుకుమీదనే. ఈ పద్ధతికి 1870లో అమెరికాలో బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ అనే ఆయన పేటెంటు పొందాడు. నాటినుండి ఓడల మరమ్మతు చోట్లనూ, పోతపని కర్మాగారాలలోనూ ఇది వాడుకకు వచ్చింది.

వచ్చిన చిక్కు అంతా దుమ్ముతోనే. ఒత్తిడి గాలితో పొడి ఇసుకను చిమ్మినప్పుడు ప్రతి రేణువూ రేకుకు తగిలి పగులుతుంది. పగిలిన ముక్కలలో కంటికి కనుపించేవి క్రింద పడిపోతాయి. కనుపించనివే ప్రమాదకరమైనవి. మన తల వెండ్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లనుకొంటే, ఐదు మైక్రాన్లకు లోపున్న ధూళి ముక్కులోనూ గొంతులోనూ ఆగక ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోతుంది. ఇసుక ధూళిని అక్కడి రక్షక కణాలు మ్రింగుతాయి, అరిగించుకోలేక చస్తాయి, చచ్చిన చోట మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగి ఒకదానితో నొకటి కలిసి, మెత్తని ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీనినే సిలికోసిస్ అంటారు.

దీనికి ఉదాహరణ వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. కుప్పానికి పొరుగుననే కోలారు బంగారు గనులున్నవి. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు ఆ సంస్థవే. అన్నీ 2001లో మూతపడినవి. కోలారు గనులలో ఏడు వేలకు పైగా కార్మికులను పరీక్షించి 1947లో ప్రకటించిన పరిశీలనలో, నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ కనుపించింది. బంగారం ఉన్నది స్ఫటికపు రాతి పొరలలో. ఆ రాయి తొలిచేటప్పుడు రేగినది ఇసుకకు సాటివచ్చే ధూళి.

మదనపల్లె పేరు చెప్పగానే జ్ఞాపకం వచ్చే ఆరోగ్యవరానికి కూడ ఈ కథతో సంబంధమున్నది. 1915లో నెలకొన్న ఆ క్షయ చికిత్సాలయానికి డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్–మోలర్ మొదటి అధికారి. క్షయకు మందులేని ఆ రోజులలో పొడిగాలి, విశ్రాంతి, మంచి ఆహారం, వీటినే నమ్ముకొని రోగులు దూరప్రాంతాలనుండి ఆ కొండగాలికి వచ్చేవారు. తరువాత స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, ఇతర మందులు వచ్చినవి. క్షయ నయమయ్యే జబ్బయింది. సిలికోసిస్‌కు మాత్రం ఈనాటికీ నయం చేసే మందు లేదు. పైగా ఇసుకధూళి పట్టిన ఊపిరితిత్తికి క్షయ సులభంగా అంటుకొంటుంది. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం ఈ వ్యాధిని తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. బ్రిటనులో 1949 నాటి నిబంధనలు, పోతపనులపై చిమ్మడానికి ఇసుకను వాడరాదని శాసించినవి. చట్టం కర్మాగారం గేటుదాకా వస్తుంది. చెరువుగట్టున పడవ గీకేవాని దగ్గరకు ఎవరు వస్తారు?

ధూళికి విరుగుడు నీరని గనులవారు గ్రహించారు. తొలిచే ఉలి నడుమనుండి నీరు పంపి, పుట్టిన ధూళిని పుట్టిన చోటనే బురద చేశారు. తడి ఇసుక ధారలోని కిటుకు కూడ అదే. గాలికి బదులు నీరు ఇసుకను మోసుకొని పోతుంది. పగిలిన రేణువును వెంటనే తడిపి క్రింద పడవేస్తుంది.

ఈ పరికరాన్ని ఇంటివద్ద చేసుకోవచ్చును. వాహనాలను కడిగే షెడ్డులోని అధిక పీడనపు పంపు దానికి ప్రాణం. నూరు బార్లకు తక్కువ కాని ఒత్తిడి, నిమిషానికి పది లీటర్లకు తక్కువ కాని నీరు ఉంటే మేలు. ఒత్తిడి ఉండి నీరు చాలకపోతే ఇసుకను లాగే బలం ఉండదు. పూర్వం ఇండ్లలో దోమలకు మందు కొట్టే ఫ్లిట్ పంపు ఉండేది, చాలమందికి జ్ఞాపకం ఉండవచ్చును. గొట్టం మూతిమీదుగా గాలి వేగంగా పోతే డబ్బాలోని మందు తనంతట తానే పైకి లేచేది. ఇక్కడ గాలి స్థానంలో నీరు. మందు స్థానంలో ఇసుక. లేత్ పనివాని చేత ఒక చిన్న ఉక్కుదిమ్మె చేయించవలెను. వెనుకనుండి మిల్లీమీటరుకు కొంచెం పైబడిన రంధ్రం గుండా నీటిధార వస్తుంది. ప్రక్కనుండి ఇసుకగొట్టం కలుస్తుంది. ముందువైపు, ఆరేడు మిల్లీమీటర్ల రంధ్రమున్న మూతిగుండా రెండూ కలిసి బయటికి పోతాయి. నీటిధార ముందరి రంధ్రానికి సరిగా నడిమధ్యన పోవలెను. వెంట్రుకవాసి ప్రక్కకు ఒరిగినా మూతి ఒకవైపు అరిగి, లాగుడు చచ్చిపోతుంది.

నేను మొదట చేయించిన మూతి మామూలు ఇనుముది. ఒక్క పూటలో రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారానికి వచ్చింది. టంగ్‌స్టన్ కార్బైడు మూతి ఖరీదైనదే గాని, చివరకు లెక్క చూస్తే అదే చవుక.

ఇసుక ఎక్కడ మొరాయిస్తుందో చెప్పవలెను. ఇసుకడబ్బాలో ముంచే గొట్టానికి ప్రక్కనే గాలి పోవడానికి మరొక సన్నగొట్టం కట్టవలెను. గాలి కలవనిదే ఇసుక పారదు. ఇసుక బొత్తిగా పొడిగా ఉండి, జల్లెడ పట్టినదై ఉండవలెను. మొదట నీరు వదలి, తరువాత గొట్టాన్ని ఇసుకలో పెట్టవలెను. ఆపేటప్పుడు మొదట గొట్టాన్ని ఇసుకలోనుండి తీసి, తరువాత నీరు ఆపవలెను. ఈ వరుస తప్పితే నీరు వెనుకకు తన్ని, గొట్టంలోని ఇసుక తడిసి గట్టిముద్ద అవుతుంది. దానిని పొడిచి తీయడానికి నాకొకసారి మధ్యాహ్నమంతా పట్టింది. గొట్టం లోపల కనబడేటట్టు పారదర్శకంగా ఉన్నదైతే, అడ్డు ఎక్కడ పడినదో చూచి తెలుసుకోవచ్చును.

ఇక ఏ ఇసుక అన్న ప్రశ్న. ఈ సీమలో అందరి చూపూ రెండింటిమీద పడుతుంది. ఒకటి ఏటి ఇసుక. రెండవది కుప్పం వైపు గ్రానైటు రాళ్ళు కోసినచోట, కంకర ఆడించినచోట దొరికే రాతిపొడి. రెండూ చవుక, రెండూ పదునైనవే. రెండూ కూడనివి. ఏటి ఇసుకలో అధికభాగం స్ఫటికమే. గ్రానైటులో సాధారణంగా నాలుగైదు పాళ్ళలో ఒక పాలైనా స్ఫటికం ఉంటుంది. నీరు పోస్తున్నాము గదా, భయమేమి అని కొందరంటారు. నీరు ధూళిని చాలవరకు అణచును గాని పూర్తిగా అణచదు. సన్నని తుంపరలో కొంత తేలుతూనే ఉంటుంది. ఆ బురద మరునాటి ఎండకు ఎండి, ఎవరో చీపురుతో ఊడ్చినప్పుడు మళ్ళీ ధూళియై లేస్తుంది. అప్పుడు దానిని పీల్చేది పనివాడు కాదు, వాని బిడ్డలు కావచ్చును.

కనుక చిమ్మడానికి గార్నెట్ ఇసుక తెప్పించుకోవలెను. గోమేదికం కూడ ఈ జాతి రాయియే. మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నల్లఇసుకలో ఇల్మనైటుతో పాటు గార్నెట్ ఉన్నది. దానిని వేరుచేసి అమ్మేవారు. ఖమ్మం ప్రాంతపు గరీబ్‌పేట గుట్ట గార్నెట్లు ప్రాచీనకాలంలో పూసలై దేశాంతరాలకు పోయినవి. ఆ రాయే చూర్ణమై ఇనుము గీకడానికి పనికివస్తున్నది. కొనేటప్పుడు అందులో స్వేచ్ఛాస్ఫటికం నూటికి ఒక పాలుకు లోపున్నదో లేదో అడిగి తెలుసుకోవలెను. గార్నెట్ బరువైనది, అంత త్వరగా పగలదు. కొద్దిపాటితో ఎక్కువ పని జరుగుతుంది.

గార్నెట్ వాడినా ముఖానికి వడపోత డబ్బీలున్న రబ్బరు ముసుగు, కంటికి అద్దం, చేతికి మందపాటి తొడుగు ఉండవలెను. మూతికి తుండుగుడ్డ చుట్టుకొంటే దుమ్ము ఆగినదనే ధైర్యమే కలుగుతుంది, దుమ్ము ఆగదు. ధార చేతికి తగిలితే సూదిపోటంత గాయమే కనబడవచ్చును. లోపల నీరూ మట్టీ కండరాలదాకా దూరి ఉంటాయి. కట్టు కట్టి ఊరుకొనక తక్షణం శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

పనిలో మూతిని రేకుకు జానెడు దూరాన, కొంచెం ఏటవాలుగా పట్టి నిదానంగా జరుపవలెను. రంగు లేస్తుంది, తుప్పు లేస్తుంది, క్రింద బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. మా పడవ అడుగున మూడుచోట్ల ఇనుము కాదు, ఆకాశం బయటపడింది. అక్కడ తుప్పే రేకై నిలిచి ఉన్నది! నిజము తెలిసినందుకు సంతోషించి, వెల్డింగు పనివానిని పిలిపించాము. కొయ్యపడవకు ఈ ధార కూడదు. మెత్తని పీచును తినివేసి గట్టి పీచును గీతలుగా మిగులుస్తుంది. ఫైబరు పుట్టికి కూడ పై మెరుగుపొర చెడుతుంది.

తడి పద్ధతికి ఒక లోపమున్నది. బయటపడిన పచ్చిఇనుము తడితో ఉంటుంది గనుక, చూస్తుండగానే పసుపురంగు తిరుగుతుంది. మా ఎండలకు అరగంట కూడ పట్టలేదు. అందుచేత పడవనంతా ఒకేసారి చేయక, ఉదయపు చల్లదనంలో ఒక భాగం మాత్రమే చేసి, మంచినీటితో కడిగి, ఒత్తిడి గాలితో ఆరబెట్టి, ఆనాడే ఎపాక్సీ ప్రైమర్ వేయవలెను. కడిగే నీరు ఉప్పుబోరుది కారాదు. ఆ ఉప్పు రంగు క్రింద దాగి మళ్ళీ పొక్కిస్తుంది. మేము వాననీరు పట్టిన తొట్టినుండి తెచ్చాము.

ఇందాక చెప్పిన సిందూరపు పొర సంగతి ఒకటి మిగిలినది. అది సీసం. గీకిన బురద అంతా ఆ సీసంతో కలిసి ఉంటుంది. చెరువుగట్టున చేస్తే వాన రాగానే అది చేపల నోటికి, ఆ తరువాత మన నోటికి చేరుతుంది. కాబట్టి పడవను బండిమీద చెరువుకు దూరంగా తరలించి, క్రింద టార్పాలిన్ పరచి, అంచులు పైకి మడిచి పని చేశాము. బురదను తడిగా ఉండగానే పారతో ఎత్తి మూతగల డబ్బాలలో నింపి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకొనేవారికి అప్పగించాము. ఆ పనికి పట్టిన కాలం పడవను గీకడానికి పట్టిన కాలంకంటె ఎక్కువే. రెండవ పూత రంగు ఆరడానికి వారం రోజులు పడవ చెట్టునీడన బోర్లించి ఉండిపోయింది. ఆ వారమూ చెరువుగలవాడు రోజుకొకసారి వచ్చి వ్రేలితో రంగు తాకి చూచి పోయేవాడు.