"ఏమండీ"లో ఉన్న అచ్చులు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అచ్చుల గురించి చెబుతానంటే, "ఈ వయసులో అ ఆలు ఎందుకండీ?" అని నవ్వారు. ఎందుకో మనవి చేస్తాను.

2021లో మా ఇంటావిడకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంతవరకు స్వాధీనంలోకి వచ్చాయి గాని, మాట ముద్దగా ఉండిపోయింది. మేము చెప్పేది ఆమెకు తెలుసు, తాను చెప్పదలచుకున్నదీ తెలుసు. నాలుకా పెదవులే మాట వినేవి కావు. నలభై ఏడేళ్ళుగా నన్ను "ఏమండీ" అని పిలిచిన మనిషి "అమండ" అనేది. నాకు అర్థంకాక విసుక్కునేవాణ్ణి. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి మొదటిరోజే చేతి అద్దం తెమ్మంది. "తాతగారూ, హల్లు పలికేటప్పుడు గాలికి నోట్లో ఎక్కడో అడ్డు తగులుతుంది. అచ్చుకి ఆ అడ్డు ఉండదు. అమ్మమ్మగారి అచ్చులు చోటు తప్పాయి. ముందు వాటి సంగతి చూద్దాం" అంది.

మీరూ పలికి చూడండి. "ప" అనబోతే పెదవులు మూసుకుంటాయి. "త" అంటే నాలుక పళ్ళను తాకుతుంది. "ఆ" అంటే మాత్రం ఊపిరి ఉన్నంతసేపూ సాగుతుంది. ఇప్పుడు ఒకే శ్రుతిలో ఈ, ఏ, ఆ, ఓ, ఊ అనండి. గొంతులో పుట్టే నాదం ఒక్కటే. నోటి ఆకారం మారితే అచ్చు మారుతుంది.

మనం ఆఫీసులో ఫైలు మూసేటప్పుడు ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని ఎలా వేరుచేసేవాళ్ళమో, అచ్చులనూ అలా వేరుచేయవచ్చు. అందుకు మూడు ప్రశ్నలు చాలు.

మొదటిది, నాలుక ఎంత ఎత్తుకు లేచింది? ఈ, ఊలకు బాగా పైకి లేస్తుంది. ఏ, ఓలకు మధ్యలో ఉంటుంది. ఆ అన్నప్పుడు కిందికి దిగుతుంది. గొంతు చూసే డాక్టరు "ఆ అనండి" అనేది అందుకే. రెండవది, నాలుకలో ఏ భాగం లేచింది? ఇ, ఎలకు ముందు భాగం, ఉ, ఒలకు వెనుక భాగం. అ నడుమ ఉంటుంది. మూడవది, పెదవులు గుండ్రమయ్యాయా? మన భాషలో ఉ, ఒలకు అవుతాయి, ఇ, ఎలకు కావు.

ఇక కాలపరిమాణం ఉంది. పడు–పాడు, విడు–వీడు అన్నప్పుడు అచ్చు పొడుగే అర్థాన్ని మారుస్తోంది. అయిదు చోట్లు, ఒక్కొక్కదానికి హ్రస్వం, దీర్ఘం, వెరసి పది. ఐ, ఔలలో నాలుక ఒకచోట మొదలై మరోచోటికి జరుగుతుంది.

మన పెద్దలు ఇదంతా ఏనాడో గమనించారు. అకారం కంఠ్యమనీ, ఇకారం తాలవ్యమనీ, ఉకారం ఓష్ఠ్యమనీ శిక్షా శాస్త్రంలో చెప్పారు. పాశ్చాత్యుల విషయానికి వస్తే, 1886లో పారిస్‌లో ధ్వనిశాస్త్రజ్ఞుల సంఘం ఏర్పడింది. ఆ తరువాతి కాలంలో ఇంగ్లండుకు చెందిన డేనియల్ జోన్స్ ఎనిమిది ప్రమాణ స్వరాలను నిర్ణయించారు. అవి ఏ ఒక్క భాషకూ చెందినవి కావు. సర్వేవాళ్ళు పాతిన హద్దురాళ్ళ వంటివి. ఏ భాషలోని అచ్చు ఎక్కడ ఉందో వాటినిబట్టి కొలుస్తారు.

అక్షరమూ ధ్వనీ ఒకటే అనుకోకూడదు. "మేకు" అనండి, "మేక" అనండి. వ్రాత ఒకటే అయినా రెండవదానిలో నోరు ఇంకొంచెం తెరుచుకుంటుంది. "బ్యాంకు"లోని అచ్చుకైతే మనకు ప్రత్యేకం అక్షరమే లేదు.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. "ఏమండీ" అనాలంటే నాలుక ముందువైపు మధ్య ఎత్తులో మొదలై, కిందికి దిగి, మళ్ళీ పైకి ఎక్కాలి. ఆమె నాలుక నడుమే ఉండిపోయేది. అందుకే "అమండ". ఆ సంగతి తెలిశాక నా విసుగు పోయింది. రోజూ ఉదయం పదిహేను నిమిషాలు ఇద్దరం అద్దం ముందు కూర్చున్నాం. ముందు పెదవులు సాగదీసి ఈ, దవడ కొంచెం దించి ఏ, ఇంకా దించి ఆ. కుడివైపు పెదవి జారిపోయినందున ఊ అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది.

నాలుగో నెలలో ఒక ఉదయం నేను పేపరు చదువుతుంటే "ఏమండీ" అని వినిపించింది. పాత అలవాటు చొప్పున "ఆ" అన్నానే గాని తల ఎత్తలేదు. రెండోసారి పిలిచినప్పుడు గాని నాకు తెలివి రాలేదు. దీర్ఘం కొంచెం పొట్టిదే. నాకు మాత్రం అది చాలు.

సోదరులారా, ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా తెల్లారనిద్దామని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మాట పోయినవారిని చెవిటివారనుకుని అరవకండి. వారి మాటను మీరే పూర్తిచేయకండి. కాస్త ఆగండి. వారి నాలుక చోటు వెతుక్కుంటోంది.