కావ్య దాంపత్యములలో పెత్తనము



ఆలుమగలలో పెత్తనమెవరిదను ప్రశ్న అరుగుమీద హాస్యముగా మొదలై ఇంటిలో కలహముగా పరిణమించుట కద్దు. కావ్యములయందును ఈ ప్రశ్న లేకపోలేదు. పారిజాతాపహరణమున సత్యభామ పాదము శ్రీకృష్ణుని శిరమును తాకిన ఘట్టము విని ముచ్చటపడనివారు లేరు. కాని అలక తీరిన పిమ్మట ఆమెకు దక్కినది ఒక చెట్టు. అష్టభార్యల సంసారము యథాప్రకారముగనే సాగినది. అలుకవలన వచ్చిన అధికారము అలుకతోడనే పోవును గనుక, దానినంతటితో విడిచి మన నంద్యాల సీమకు వచ్చుట మేలు.

పింగళి సూరన 16వ శతాబ్దమున తన కళాపూర్ణోదయమును నంద్యాల ప్రభువగు కృష్ణమరాజునకు అంకితమొనర్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914 నాటి కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యమును విశేషముగా చర్చించిరి. 2002లో ఇది ఆంగ్లమునకును ఎక్కినది. అయినను నంద్యాలలోనే దీనిని చదివినవారు అరుదు! కథ చిక్కుముడుల పుట్ట యనుట నిజమే. ఆ ముడులలో సుగాత్రీ శాలీనుల కథ యొక్కటి చాలును.

కాశ్మీరమున శారదాదేవి ఆలయార్చకుని కుమార్తె సుగాత్రి. శాలీనుడు ఆ ఇంటికి వచ్చిన ఇల్లటపుటల్లుడు. సర్వాభరణభూషితయై భార్య పడకటింటికి వచ్చిన రాత్రి అతడామెను సమీపింపలేదు. అటుపిమ్మటను అంతే. అత్తమామలు విసిగిరి. అల్లునిచేత దేవి పూలతోటలో పని చేయింపసాగిరి. సుగాత్రి మాత్రము భర్తను పల్లెత్తు మాట అనలేదు.

ఒకనాడు ఉరుములు మెరుపులతో పెనువాన కురిసెను. తోటలోనున్న భర్తకేమగునో యని సుగాత్రి దేవిని వేడుకొనుచు అచటికి పరుగెత్తినది. తరువాత నగలు తీసివేసి, చీరచెంగు దోపుకొని, అతనితో సమానముగా తోటపనికి దిగినది. చెమటతో తడిసిన ఆ భార్యను చూచిన శాలీనునకు మనసు కలిగినది. ఇంటిలో తల్లి ఆమెను మరల అలంకరించి పంపగా, మరల అతడు విముఖుడే యయ్యెను!

దీనిని సిగ్గరి మగని వింత కథ యని త్రోసివేయుట సులభము. శాలీనుడను పేరే అట్లున్నది. అయితే రాయలసీమలో ఇల్లటమును ఎరిగినవారికి ఇందులో వేరొకటి కనబడక మానదు. ఇల్లటపుటల్లుడు మామగారి పొలము దున్నును, పశువులను కాచును. 1984లో కరణపు ఉద్యోగములు రద్దగువరకు నడచిన లెక్కలలో సైతము, మామగారు జీవించియుండగా పట్టాదారు పేరు మామగారిదే. పని ఒకరిది, పేరు ఒకరిది. అటువంటి వానియెదుట భార్య మేని నగలు ఎవరివి? అవి అత్తవారి కలిమి. ఆ బంగారముతో పడకటింటికి వచ్చినది భార్య యొక్కతెయే కాదు, ఆమె వెంట అత్తమామల పెత్తనము సైతము వచ్చినది. తోటలో ఆ పెత్తనము లేదు. పార ఇద్దరి చేతిలోను ఒకే బరువు.

సూరన ఇచట భార్య భర్తను లొంగదీసినదని గాని, భర్త భార్యను లొంగదీసెనని గాని వ్రాయలేదు. లోపమొకటి మాత్రము దాచరాదు. కాచుకొని యుండుట, కన్నీరు మ్రింగుట, చివరకు నగలు విడుచుట, అన్నియు సుగాత్రి వంతుకే వచ్చినవి. శాలీనుడు విడిచినది ఏమియు లేదు. దీనికి పాతివ్రత్యమని పేరుపెట్టి కొనియాడిన పండితులు, ఆమె తండ్రి ఇంటిలో ఆమెకేమి హక్కున్నదో అడుగలేదు. ఆంధ్రప్రదేశమున ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానభాగమిచ్చు చట్టము అమలైనది 1985లో. దేశమంతటికి ఆ మార్పు వచ్చినది 2005లో.

ఆళ్లగడ్డ దాపుననున్న అహోబిలమున మరియొక దాంపత్యమున్నది. హిరణ్యకశిపుని చీల్చిన నరసింహుడు చెంచుపడుచు ముందు చేతులు కట్టుకొనును. జనుల పాటలలో ఆమె అతనిని అడవి పనులలో పరీక్షించును. 1958 నాటి చెంచులక్ష్మి చలనచిత్రము చూచినవారికి ఆ వేడుక గుర్తుండును. నేటికిని కనుమనాడు మొదలగు పారువేటలో స్వామి పల్లకి ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలన్నియు నలుబది దినములకు పైగా తిరుగును. పెండ్లికి పిలుపులకై స్వయముగా బయలుదేరెనని జనులందురు. చెంచులు ఆయనను తమ ఇంటి అల్లునిగా చెప్పుకొందురు. అల్లుడన్నచో అత్తవారి మర్యాద ఎరుగవలసినదే గదా!

అయితే ఇచట వినయమునకు వెల చెల్లించినది ఆదిలక్ష్మి. చెంచిత ముందు వంగిన మగడు మొదటి భార్యను అడిగి వంగలేదు. ఈ లెక్కను పాటగాండ్రు సవతుల కయ్యముగా మార్చి నవ్వించిరి. సూరనయు కావ్యము చివర కళాపూర్ణునకు అభినవకౌముదీ మధురలాలసలను ఇద్దరు భార్యలను కూర్చి, ఆ పోరునే వినోదముగా నడపెను. తోటలో పారలను సమముగా తూచిన కవి అంతఃపురము చేరినంతనే త్రాసును విడిచిపెట్టెను.

కాని శాలీనుని సూరన అంత సులభముగా వదలలేదు. అతడే మణిస్తంభుడు, సుగాత్రియే సుముఖాసత్తి. వీరు తమ స్త్రీపురుష రూపములను పరస్పరము మార్చుకొందురు. కళాపూర్ణునకు తండ్రి సుముఖాసత్తి, తల్లి మణిస్తంభుడు! ఈ మాట విన్నవారు గొల్లున నవ్వుదురు. సుగాత్రి రాత్రుల తరబడి ఒంటరిగా కాచుకొనియున్నప్పుడు ఆ ఇంటిలో ఏమియు కోల్పోని శాలీనునకు, ఈసారి బిడ్డను కనవలసిన పని పడినది.