గీతకు ఇటు ఒక హక్కు, అటు మరొకటి
(ఇచ్ఛాపురంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇచ్ఛాపురం రాష్ట్రానికి ఉత్తరపు చివర ఉన్న పట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో అధిక భాగం అటు పోయింది. ఈ ప్రాంతం మద్రాసు కిందనే మిగిలింది. ఆనాటి గీత నేటికీ మన పిల్లల భవిష్యత్తును నిర్ణయిస్తున్నది. 2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ ఇక్కడ ఉన్నది. బరంపురంలో స్థిరపడిన మన బంధువులకు ఆ చట్టం వర్తించదు.

రాష్ట్రానికి అధికారం ఉన్నందువల్లనే ఈ మేలు కలిగింది. అయితే ఆ అధికారం ఎంత గట్టిది? అమెరికాలో ఒక రాష్ట్రాన్ని విభజించాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. ఆస్ట్రేలియాలో సరిహద్దు మార్చాలంటే ఓటర్ల ఆమోదం కూడా కావాలి. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు. 2014 జనవరి 30న మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించింది.

రిజర్వేషన్ల సంగతీ అంతే. 102వ సవరణ తరువాత వెనుకబడిన వర్గాలను గుర్తించే అధికారం రాష్ట్రాలకు లేదని 2021 మే 5న మరాఠా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది 105వ సవరణతో పార్లమెంటు దానిని తిరిగి ఇచ్చింది. ముస్లిం రిజర్వేషన్‌ను 12 శాతానికి పెంచుతూ 2017లో తెలంగాణ చేసిన బిల్లు ఢిల్లీ అనుమతి లేక ఆగిపోయింది.

అట్లని సమస్త అధికారం రాష్ట్రాలకే ఇస్తే చాలునా? చాలదు. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవారు చెప్పింది రాష్ట్రాల హక్కుల పేరే. చట్టం ఇచ్చే సమాన రక్షణను ఏ రాష్ట్రమూ నిరాకరించరాదని 1868లో 14వ సవరణ శాసించవలసి వచ్చింది. మనకు 14, 25, 29, 30 అధికరణాలు కేంద్రాన్నీ, రాష్ట్రాన్నీ సమానంగా కట్టడి చేస్తాయి.

కనుక మనం కోరవలసినవి రెండు: వెనుకబాటును గుర్తించే అధికారం ప్రజలకు దగ్గరగా ఉన్న ప్రభుత్వం చేతిలో ఉండాలి, ఆ ప్రభుత్వం మారినా చెదరని హక్కులకు రాజ్యాంగ రక్షణ ఉండాలి.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు 2007 చట్టాన్ని కొట్టివేసింది. అధ్యయనంలోని లోపాలను కూడా ఎత్తిచూపింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ నిలిచింది. న్యాయస్థానం అడిగేది రుజువు. అందుచేత సర్వేకు వచ్చినవారికి మన చదువు, వృత్తి, ఆదాయం ఉన్నదున్నట్లు చెప్పుదాం. పిల్లల ధ్రువపత్రాలు సకాలంలో తీసుకుందాం. హక్కును నిలబెట్టే సాక్ష్యం మన ఇళ్ళలోనే ఉన్నది.