క్రొత్త ఇంజను – తొలి వెయ్యి కిలోమీటర్లు

మా అన్నగారి అబ్బాయి క్రొత్త మోటారు సైకిలు ఇంటికి తెచ్చిన నాడు ఆ వీధిలో జరిగిన హడావిడి చెప్పనలవి కాదు. వదినగారు దానికి పసుపు కుంకుమలు పెట్టిరి. పూజారిగారు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించిరి. ఇరుగుపొరుగు పిల్లలు చుట్టును మూగి, ఎవరి ముఖము వారు టాంకులో చూచుకొనిరి. ఆ బండి సుజుకీ హయబుసా: నాలుగు సిలిండర్లు, 1340 సి.సి. ఇంజను, సుమారు 190 అశ్వశక్తుల బలము. జపాను భాషలో హయబుసా యన మన బైరి డేగ. వేటకై ఆకాశము నుండి తలక్రిందుగా దూకునపుడు గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగమందుకొను పక్షి యది. 1999లో ఆ పేరుతో తొలి బండి వెలువడినపుడు అదియు నించుమించుగా అంత వేగము పోవుట చూచి లోకము ఆశ్చర్యపడెను. 2021లో నేటి రూపము మన దేశమున విడుదలైనపుడు షోరూము ధర 16 లక్షల 40 వేల రూపాయలు. అంత సొమ్ము ఒక మోటారు సైకిలుకు పోయవచ్చునా యను చర్చ ఆ యింట తేలలేదు. మేమును దాని జోలికి పోము.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట ఆ అబ్బాయి మా యొద్దకు వచ్చి, “బాబాయ్, షోరూములో వెయ్యి కిలోమీటర్ల దాకా మెల్లగా నడపమన్నారు. మావాళ్ళేమో మొదటి రోజే బాది పారేస్తే గాని ఇంజను సెట్ అవదంటున్నారు. ఎవరి మాట వినాలి?” అని యడిగెను. ఈ విషయమున సలహా చెప్పుటకు మాకు గల అర్హత యొక్కటే: మేమొక ఇంజనును మా చేతులారా పాడు చేసికొన్నవారము. ఈ సందేహము మరి కొన్ని యిండ్లలో కూడ ఉండవచ్చునని తోచి, నాడు అతనికి చెప్పినదే నేడు శ్రోతలకును మనవి చేయుచున్నాము.

2004లో మేము 350 సి.సి. ఒంటి సిలిండరు బండి యొకటి కొంటిమి. పెద్దలందరును ఒక్క మాటగా, “వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటనీయకు” అనిరి. మేము దాటనీయలేదు. బెజవాడ నుండి బందరు వరకు కాలువ వెంట పోవు దారిలో, ముల్లు నలభై మీద నిలిపి, పిడికిలి కదలింపక, ఆదివారము వెంట ఆదివారము వెళ్ళి వచ్చితిమి. ట్రాక్టర్లు మమ్ము దాటి పోయెను. కూరగాయల ఆటోలును దాటి పోయెను. మా నిగ్రహమునకు మేమే మెచ్చుకొంటిమి. మూడు వేల కిలోమీటర్లు తిరుగక మునుపే గొట్టము నుండి నీలి పొగ రాసాగెను, నూనె మట్టము వారము వారమును తగ్గజొచ్చెను. మెకానిక్కు సిలిండరు విప్పి దీపము క్రింద మాకు చూపెను. లోపలి గోడ తళతళ మెరయుచుండెను. మేము దానిని సుగుణ మనుకొంటిమి. అతడు నవ్వి, “అద్దమైపోయింది సార్, ఇక నూనె నిలవదు” అనెను.

గోడ నునుపెక్కుట దోషమెట్లగునని మీరడుగవచ్చును. మన వీధులలో “రోళ్ళకు కక్కు కొడతాం” అని కేక వేయుచు ఉలియు సుత్తియు పట్టుకొని తిరిగెడివారు జ్ఞాపకమున్నారు గదా. రోలు వాడగా వాడగా నున్నబడును; పప్పు నలుగక జారిపోవును. అప్పుడు ఉలితో గంట్లు పెట్టవలసి వచ్చును. ఇంజను చేయువారును సిలిండరు గోడను కావలెననియే నున్నగా వదలరు. హోనింగు అను పనితో దానిపై ఒకదానినొకటి కోసికొనిపోవు సన్నని గీతలను, వలయల్లిన రీతిగా, గీయుదురు. ఆ గీతల సందులలో నూనె నిలుచును. వాని శిఖరములు పిస్టను రింగుల అంచులతో ఒరసికొని, రెండును కలిసి కొంచెము అరిగి, ఒకదాని కొకటి అమరును. రన్నింగ్ ఇన్ అనునది ముఖ్యముగా ఈ అమరికయే.

ఇక రింగు సంగతి. తొలినాటి ఆవిరి యంత్రములలో పిస్టను చుట్టును నారయు కొవ్వును దట్టించి సందు మూసెడివారు. 1850వ దశకము మొదటి యేండ్లలో జాన్ రామ్స్‌బాటం అను ఇంగ్లండు రైల్వే ఇంజనీరు, ఒకచోట తెగియున్న లోహపు రింగును పిస్టను గాడిలో తొడిగి, అది తన బిగువుతో తానే గోడకు ఆనుకొనునట్లు చేసెను. నేటి రింగులకును మూలమదే. అయితే రింగు స్వంత బిగువు కొంచెమే. ఇంజనులో పెట్రోలు మండి వాయువు వ్యాకోచించినపుడు, ఆ వాయువే రింగు వెనుకకు చొరబడి దానిని గోడకేసి గట్టిగా ఒత్తును. థ్రాటిల్ ఎంత తెరచిన ఆ ఒత్తిడి అంత. మేము బందరు దారిలో చేసినదేమి? థ్రాటిల్ సందు మాత్రము తెరచి, రింగును గోడపై తేలగా జార్చితిమి. అది శిఖరములను కోయలేదు, రుద్ది మెరుగు పెట్టెను. సందులలో కాలిన నూనె పూతవలె పేరుకొనెను. అమరిక కుదరక మునుపే గోడ అద్దమయ్యెను.

ఈ మాట వినగానే మా అబ్బాయి ముఖము వికసించెను. బాదవలెనన్న స్నేహితులే గెలిచిరని అతడు తలచెను. కాని వారిది సగము నిజమే. గీతలు పదునుగానున్న తొలి కిలోమీటర్లలోనే రింగులు చాల వరకు అమరుననుట సరియే. పందెపు ఇంజనులను డైనమోమీటరుపై గంటల లెక్కన బరువు పెట్టి, తీసి, సిద్ధము చేయుట కలదు. అయితే పందెపు ఇంజనును తరచుగ విప్పి క్రొత్త రింగులు వేయుదురు. మన యింటి బండి ఏండ్ల తరబడి విప్పకుండ నడువవలెను. పైగా క్రొత్త రింగు గోడకు అన్ని చోట్లను ఆనదు, ఎత్తైన చోట్ల మాత్రమే ఆనును. అట్టి వేళ ఎర్ర గీత దాక బాదినచో ఆ కొద్ది చోట్లనే వేడి కేంద్రీకరించి, నూనె పొర తెగి, లోహము లోహమును పట్టి చీరును. గీరుకొనిపోయిన సిలిండరునకు మందు లేదు. గేరు పళ్ళు, క్లచ్చి పలకలు, కవాటములను లేపు కామ్‌లు, ఇవియు రింగుల వలెనే క్రొత్తవి. స్నేహితులు వాని ప్రసక్తి తేనేలేదు.

మరి పుస్తకము ఏమనుచున్నది? బండితో నిచ్చు పుస్తకమును మనవారు బీరువాలో భద్రపరతురే గాని తెరచి చూడరు. సుజుకీ వారి పుస్తకములలో ఈ విషయమై ఒక చక్కని పుట కలదు. తొలి తరపు హయబుసాకు ఎర్ర గీత నిమిషమునకు 11000 చుట్లు. మొదటి 800 కిలోమీటర్ల వరకు 5500 చుట్లు దాటరాదనియు, 1600 వరకు 8000 దాటరాదనియు అందున్నది. మన పెద్దలు చెప్పెడి భాగము ఇంతే. దాని ప్రక్కనే మరియొక మాట యున్నది: వేగమును ఒకే రీతిగ నిలుపరాదు, మార్చుచుండవలెను, భాగములపై కొంత బరువు పడవలెను, మరల అది తగ్గి అవి చల్లబడవలెను, తేలికగా, ఒకే వేగముతో ఎడతెగక నడిపినచో భాగములు నున్నబడి అమరకపోవచ్చును. మేము పాతికవేల బండిమరమ్మతు పాఠము చదువనక్కరలేకయే ఆ పుట నాడే చదివియుండిన ఎంత బాగుండెడిది!

ఇచ్చట మన రోడ్లకు సంబంధించిన చిక్కొకటి కలదు. 2018లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పరిమితుల ప్రకారము మోటారు సైకిలునకు నాలుగు వరుసల రహదారిపైనను గంటకు 80 కిలోమీటర్లే గరిష్ఠము. హయబుసా వంటి బండికి 5500 చుట్లు మొదటి గేరులోనే అరువది కిలోమీటర్లకు మించిన వేగము. కావున పుస్తకపు హద్దు మన చట్టపు హద్దుకంటె చాల దూరముననున్నది. దానివలన కుఱ్ఱవానికి కలుగు లోటేమియు లేదు. అసలు భయము వేరు. ఆరవ గేరులో ఎనుబదితో పోవునపుడు ఆ మహా యంత్రము మూడు వేల చుట్లకు అటునిటుగ, థ్రాటిల్ తెరచియు తెరవనట్లుగ, నిద్రించుచు నడుచును. బందరు కాలువ గట్టున మేము చేసిన తప్పే అది, పదునారు లక్షల బండితో. నేటి సిలిండరు గోడలకు సుజుకీ వారు నికెలు, సిలికాన్ కార్బైడు కలిసిన గట్టి పూత వేయుదురు, పనితనమును సూక్ష్మతరమైనది, పూర్వమంత సులువుగ అద్దము కాదు. అయినను రింగు తన తావున అమరవలసినదే.

కనుక అతనికి మేమిట్లు చెప్పితిమి. ఆరవ గేరును కొన్నాళ్ళు మరచిపొమ్ము. ఉదయము ట్రాఫిక్కు లేని వేళ, ఊరి వెలుపలి దారిలో, రెండవ మూడవ గేర్లతో నడుపుము. థ్రాటిల్‌ను సగము వరకు నెమ్మదిగా, కాని ధైర్యముగా తెరచి, చుట్లు మూడు వేల నుండి అయిదు వేలకు ఎక్కనిమ్ము. పిదప థ్రాటిల్ మూసి, క్లచ్చి పట్టకుండ, బండిని ఇంజను బిగింపుతోనే తగ్గనిమ్ము. మూసినపుడు సిలిండరులో ఏర్పడు శూన్యత క్రింది నూనెను కొంచెము పైకి లాగును. రింగులు తడిసి చల్లబడును. మరల తెరువుము, మరల మూయుము. పెద్ద గేరులో వేసి ఇంజను దడదడలాడునట్లు ఈడ్పింపకుము. అది బాదుట కంటె మేలు కాదు. సిగ్నళ్ళ యొద్ద నడి యెండలో గంటల తరబడి నిలిపి వేడెక్కింపకుము.

బయలుదేరునపుడు చేయు పొరపాటు మరియొకటి. స్టార్టు చేసిన వెంటనే వీధి మారుమ్రోగునట్లు రేసు చేయుట మన కుఱ్ఱవాండ్రకు సరదా. అల్యూమినియము పిస్టను త్వరగా వేడెక్కి వ్యాకోచించును. నూనె యింకను చిక్కగానుండి పైకి చేరియుండదు. నూనె ఒకమారు లోపలంతయు తిరుగునంత సేపు ఆగి, కదలి, వేడిముల్లు లేచువరకు మెత్తగా పోవలెను. అట్లని అర్ధగంట నిలిపి ఊరక మ్రోగించుటయు అనవసరము.

ఇంతవరకును అతడు శ్రద్ధగా వినెను. టైర్ల మాట యెత్తగానే కొంచెము విసుగు చూపెను. క్రొత్త టైరు పైభాగము నున్నగా నుండి జారును. మొదటి 160 కిలోమీటర్లు మలుపులలో బండిని కొద్దికొద్దిగ మాత్రమే ఎక్కువ వాల్చుచు పోవలెనని సుజుకీ వారి పుస్తకముననే యున్నది. బ్రేకు పలకలును డిస్కుతో అమరవలెను. అంతవరకు అవి పూర్తిగా పట్టవు. అనగా తొలి దినములలో పట్టు తక్కువ, ఆపుదల తక్కువ, నడుపువానికి బండి క్రొత్త, బలమొకటే నిండుగానుండును. ఆ బండి బరువు సుమారు 265 కిలోలు. అబ్బాయి అంతవరకు నడిపినది 150 సి.సి. బండి. “ఇంజను పాడైన సిలిండరు మార్పింతుము. నీ విషయమున మీ అమ్మకు మేమేమి చెప్పగలము?” అని యంటిమి. తలుపు చాటున వదినగారు నిలిచియుండిరని మాకు అప్పుడు తెలియదు. ఆమె లోపలికి వచ్చి అతని హెల్మెటు తీసి, దాని పట్టీ సరిగా బిగియుచున్నదో లేదో వ్రేళ్ళతో లాగి చూచి, మాటాడక అక్కడనే పెట్టి వెళ్ళిరి. అతని విసుగు దానితో పోయెను.

తరువాత ఆరు వారములు అతడు తెల్లవారుజామున లేచి, మూడవ గేరుతో, ఎక్కుచు దిగుచు, వెయ్యి కిలోమీటర్లు పూర్తి చేసెను. మొదటి సర్వీసునకు మేమును వెంట వెళ్ళితిమి. వెయ్యి కిలోమీటర్లకు చేయు ఆ సర్వీసు అన్నిటికంటె ముఖ్యమైనది. క్రొత్త రోట మొదట రుబ్బిన పిండిని మన యిండ్లలో ఎవరును తినరు. రాతిపొడి యుండునని పారబోయుదురు. ఇంజను మొదటి నూనెయు అట్టిదే. అరిగిన లోహపు రజను అందులోనే చేరును. గేరుపెట్టెయు ఆ నూనెలోనే మునిగియుండుటచే దాని రజనును కూడును. “నూనె బాగానే ఉంది, ఇంకో రెండు వేలు నడపండి” అనువారి మాట నమ్మరాదు. ఫిల్టరును మార్పింపవలెను. మిగిలిన కారు నూనె పోయరాదు. మోటారు సైకిలు క్లచ్చి నూనెలోనే మునిగి పనిచేయును గనుక, కొన్ని కారు నూనెలతో అది జారును.

పళ్ళెములోనికి దిగిన నూనెను అతడు ఎండకు వంచి చూచెను. నలుపులో వెండిపొడి చల్లినట్లు సన్నని మెరుపు కనబడెను. అతడు చాల సేపు దానినే చూచి, “బాబాయ్, మీ పాత బండి సిలిండరు చివరికి ఏమయింది?” అని యడిగెను. మరల హోనింగు చేయించి, క్రొత్త రింగులు వేయించితిమనియు, ఈ మారు నలభై మీద ముల్లు నిలుపలేదనియు చెప్పితిమి. ఆ బండి నేటికిని మా యొద్దనే యున్నది. నూనె త్రాగుట లేదు.