థైరాయిడు వ్యాధి - రంగుల పరీక్ష
(ప్రసంగ పాఠము)



మెడ ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారములో థైరాయిడు అను చిన్న గ్రంథి కలదు. అది మితిమీరి పనిచేసినచో గుండెదడ, చేతులు వణకుట, ఎంత తిన్నను ఒడలు చిక్కిపోవుట మొదలగు బాధలు కలుగును. ఇట్టి వ్యాధులలో ముఖ్యమైన దానిని 1835లో ఐర్లండు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించెను. నేటికిని అది ఆయన పేరనే చెల్లుచున్నది. ఈ వ్యాధిగల కొందరికి కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొనివచ్చును. దృష్టి తగిలినదని తలచి దిగదుడిచి ఊరకుండరాదు.

శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, కంటి వెనుకనున్న కండరములను వాచునట్లు చేయును. కన్ను ఎముకల గూటిలో నున్నది. వాచిన కండరములకు చోటు చాలక, అవి గ్రుడ్డును ముందుకు నెట్టును. చూపును మెదడునకు చేర్చు నరమును వెనుక నొక్కును. ఈ కంటివ్యాధి గలవారిలో నూటికి సుమారు ఐదుగురికి ఇట్టి ప్రమాదము కలుగును. నరము నలిగినచో చూపు పోవచ్చును.

అక్షరములు చదువు శక్తి చెడకమునుపే రంగులు, ముఖ్యముగా ఎరుపు, వెలిసినట్లు తోచవచ్చును. అందుచేతనే వైద్యులు రంగుచుక్కల పుటలను చూపి, వానిలోని అంకెలను చదివింతురు. జపాను వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రకటించిన పుటలు ఇందుకు ప్రసిద్ధములు. ఒక్కొక్క కన్నును వేరుగా పరీక్షించి, ఫలితము వ్రాసియుంచి, మరల వచ్చినపుడు పోల్చిచూతురు. పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ రంగుల భేదము తెలియని మగవారు కొందరుందురు. వారి విషయమున మొదటి ఫలితము లేనిదే తరువాతి మార్పు తెలియదు. కావున ఆసుపత్రి చీటీలను భద్రపరచుకొనుడు.

ఇంటివద్ద మీరును ఒక పని చేయవచ్చును. పగటి వెలుతురులో ఒక పండుమిరపకాయను, ఒక కన్ను అరచేతితో మూసి చూడుడు. పిదప రెండవకంటితో చూడుడు. ఒక కంటికి ఎరుపు వెలిసి ఇటుకరంగుగా తోచినను, చూపు మసకబారినను, ఆనాడే కంటి ఆసుపత్రికి పోవలెను. రెండు కండ్లకును సమముగా తోచినంతమాత్రమున భయములేదని తలపరాదు. రెండు నరములును కలిసి దెబ్బతినవచ్చును. వైద్యులు చెప్పిన గడువునకు పరీక్షకు పోవుట మానరాదు.

సకాలమున వచ్చినవారికి స్టెరాయిడు మందును రక్తనాళములోనికి ఎక్కింతురు. అది చాలనిచో శస్త్రచికిత్సచే ఎముకగూటిని వెడల్పుచేసి, నరముపై ఒత్తిడిని తగ్గింతురు. ఇట్లు పలువురి చూపు నిలుచుచున్నది. చుట్ట, బీడీ, సిగరెట్టు ఈ వ్యాధిని ముదిరించును. చికిత్స ఫలింపకుండ చేయును. వానిని నేడే విడువవలెను.

మీ ఇంట థైరాయిడు రోగి ఎవరైన "ఈ చీర ఎరుపు వెలిసినదేమి?" అని యడిగినచో, నవ్వి యూరకుండకుడు. వెలిసినది చీర కాకపోవచ్చును.