బోదకాలు పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నా ఈడువాళ్ళకు బోదకాలు పుస్తకంలోని జబ్బు కాదు, వీధిలో కనిపించేదే. మా వీధిలో ఒక తాతగారు కాలు ఈడ్చుకుంటూ వెళ్తుంటే మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. అది దోమల వల్ల వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. నవ్వడం మాత్రం మానలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది.

ఇప్పటి పిల్లలకు మనకు లేని వసతి ఉంది. అమెరికా సీడీసీ వారి డీపీడీఎక్స్‌లో ఫైలేరియా పురుగు జీవితచక్రం, సూక్ష్మదర్శినిలో తీసిన ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి. మాస్టార్లూ, అవి చూపించి, ఈ జబ్బుకు రక్తం రాత్రిపూటే ఎందుకు తీసేవారో పిల్లల్ని అడగండి. పిల్లపురుగులు పైరక్తంలోకి ఎక్కువగా వచ్చేది రాత్రివేళ. క్యూలెక్స్ దోమ కుట్టేదీ అప్పుడే. తర్వాత వాళ్ళను మురుగు కాలువ దగ్గరకు తీసుకెళ్ళి దోమపిల్లల్ని చూపండి. 1947లో హెట్రజాన్ మందును వెలికితెచ్చిన బృందానికి పెద్ద, వశిష్ఠ గోదావరి అవతల భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారని చెప్పండి.

ఒక్క మనవి. వాచిన కాళ్ళ ఫోటోలతో పాఠం మొదలుపెట్టకండి. ఆ తరగతిలోనే ఎవరి నాయనమ్మకో ఆ జబ్బు ఉండవచ్చు. ముట్టుకుంటే అంటదనీ, కాలు రోజూ సబ్బుతో కడిగి పొడిగా ఉంచుకుంటే జ్వరాలు తగ్గుతాయనీ చెబితే, ఆ పిల్ల ఇంటికి వెళ్ళి నాయనమ్మకు చెబుతుంది.

సైన్సు గదికి తెర, ఇంటర్నెట్ ఖర్చు నాది. సెలవు.